గేర్ బాక్స్ చెయ్యెత్తిన రోజు

చిలకలగూడ,
ఆదివారం పొద్దున.

తమ్ముడు పైడిబాబుకు,

కవరు మీద నా అక్షరాలు చూసి చింపెయ్యబోతవ్, జెర ఆగు. ఈ కవర్ల కరెంటాఫీసు లేదు, లాటరీ లేదు, నీకు పెండ్లైన సంగతి తెల్వని పెండ్లిళ్ల పేరయ్య లేడు. నేనే, కిషన్‌ను, నా సొంత గొంతుతోని రాస్తున్న.

నువ్వు ఫోన్ ఎత్తవు. ఎట్లెత్తుతవ్? లాలాగూడ ఇంట్ల కరెంటాఫీసోని గొంతుతోని నిన్ను మీటరు ముందర అర్ధగంట నిలబెట్టి నంబర్లు చదివించింది నేనే గద. మా మరదలు దేవికి చేస్తే, "మీ గొంతింటే చాలు, ఇది కూడా ఏదో వేషమే అంటారు బావగారూ. కాగితం రాయండి, కాగితమైతే చదువుతారు" అన్నది. పదో తరగతి తెలుగు పేపరు తర్వాత నేను ఇంత పొడుగు రాసుడు ఇదే. ఆ పేపర్ల సుత తప్పిన, అందుకని అచ్చుతప్పులు పట్టుకోకు.

ముందుగాల నిన్ను తిట్టాలె. మన అట్టపెట్టెల కంపెనీల మూడో లైను గేర్ బాక్సు బేరింగ్ అయిదోసారి పోయిన రోజు, యుగంధర్ సార్ నిన్ను ఆఫీసులకు పిలిచి ఏమన్నడు? "బేరింగ్ అంటే అయిదేండ్లు నడవాలె. నీ చేతుల పడితే అయిదు నెలలు నడుస్తలేదు. సుత్తితోని కొట్టి ఎక్కిస్తున్నవ్. ఎంక్వైరీ అయ్యేదాంక ఇంటికి పో" అన్నడు. నువ్వేం చేసినవ్? ఒక్క మాట ఎదురు చెప్పకుండ సంచి సదురుకొని, పెండ్లాన్ని తీసుకొని విశాఖ బండెక్కి మీ బొబ్బిలి పోయినవ్. ఇరవై రోజులైంది. నాకైతే తల కొట్టేసినట్టయింది. మేనేజరు అయితే ఏంది, ఆయనకు పానా ఏ చేత్తోని పట్టాల్నో తెల్వదు.

ఇప్పుడు అసలు ముచ్చట. ఎంక్వైరీకి ఒక మేడం వచ్చింది. పేరు కల్పలత. మిషన్ల సామాన్లు వయసు రాకముందే ఎందుకు చస్తున్నయో కోసి చూసి చెప్పుడు ఆమె పని. పోస్టుమార్టం డాక్టరనుకో, కాకపోతే ఇనుముకు. ఆమెకు సాయం నన్ను పెట్టిన్రు. సాయమని కాదు, కొన్ని రోజులన్న యుగంధర్ సార్ కండ్ల ముందర నేను ఉండొద్దని.

మొదటి రోజే పరీక్ష పెట్టిన. బుచ్చమ్మ చెత్తబండికి ఊడిన చక్రం ఒకటి గుడ్డల చుట్టి, "మేడం, ఇదే మొదటి బేరింగ్" అని చేతుల పెట్టిన. ఆమె అద్దాలు పెట్టుకొని, రెండు నిమిషాలు అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "కిషన్ గారూ, ఇది చెత్తబండి చక్రం. దీనికి పుట్టినప్పటి నుంచి ఎవరూ గ్రీజు పెట్టలేదు. పాపం, పెట్టించండి" అన్నది. మొహంల నవ్వు లేదు. వర్క్‌షాపంత నన్ను చూసి నవ్విన్రు. ఇరవై ఆరేండ్ల సర్వీసుల నా మీద గెలిచింది ఆమె ఒక్కతే.

తర్వాత, చచ్చిన బేరింగులు అయిదూ కావాలన్నది. అవి ఎప్పుడో పాత సామానుల పోయినయని సార్ చేతులు తిప్పిండు. మన షాపుల ఏదన్న పోతదా తమ్మీ? ఒకటి వాచ్‌మన్ నీళ్లకుండ కింద కుదురైంది. ఒకటి గేటు కాడ తలుపు కొట్టుకోకుండ అడ్డం. ఒకటి బుచ్చమ్మ ఇంట్ల పచ్చడి జాడీ మీద బరువు, కడిగి తెచ్చింది గని మామిడికాయ వాసన పోలేదు. నాలుగోది మా ఇంట్లనే, రజిత కుట్టుమిషన్ మీద గుడ్డ జరగకుండ పెట్టుకున్నది, ఇయ్యనని లొల్లి. అయిదోది నువ్వు పోయిన రోజు విప్పిందే. నీ టేబుల్ మీద ఎట్లున్నది అట్లనే ఉన్నది, ఎవరూ ముట్టలేదు.

మేడం వాటిని వరుసగ పెట్టి, కోయించి, ఒక్కో ముక్క మీద భూతద్దం పెట్టి రెండు రోజులు చూసింది. ఆఖరికి "వీటిని ఎక్కించింది ఎవరు?" అని అడిగింది. "మా పైడిబాబు మేడం" అన్న. "చాలా శుభ్రంగా ఎక్కించారు" అన్నది. సుత్తి దెబ్బ పడితే లోపలి రింగు మీద గుండ్ల గుర్తులు దిగబడతయంట. అయిదింట్లల్ల ఒక్క గుర్తు లేదు. "నూనెలో వేడి చేసి, అది సాగే దాకా ఆగి ఎక్కించారు. ఓపికున్న మనిషి" అన్నది. నిన్ను చూడకుండనే. పదకొండేండ్ల నుంచి పక్కన నిలబడి చూస్తున్న నేను అది ఓపికని ఏనాడు అనుకోలేదు, నత్తనడక అనుకున్న.

అందుకని మీ బావమరిది రైస్ మిల్లుల పనికి కుదిరే ఆలోచన ఉంటే ఆపు. పని చెడగొట్టినోడు ఎవడో ఉన్నడు. వాని గల్లా పట్టి తెచ్చి నీ ముందర నిలబెట్టకపోతే అడుగు.

నిన్ను తిట్టేదాంక నిద్రపట్టని మీ అన్న,
కిషన్

చిలకలగూడ,
బుధవారం, డ్యూటీకి పోకముందు.

తమ్మీ,

పని చెడగొట్టినోడు దొరికిండు. ఉన్నది ఉన్నట్టు వరుసగ చెప్త, లేకపోతే నడిమధ్యల జారుకుంట, నా సంగతి నీకు తెలుసు.

మేడం కోసిన రింగులు లోపల నీలం, గోధుమ రంగుకు తిరిగినయ్. పెనం మాడితే ఎట్లుంటదో గట్ల. నూనె లేక ఎండిపోయి, వేడికి పోయినయన్నది. మరి నూనె ఏమైంది? ఇరుసు చుట్టు ఉండే రబ్బరు సీలు పక్కకెల్లి కారింది. కొత్త సీలు వేస్తే నెల తిరగంగనే మల్ల కారుడు. సీళ్లు మార్చి మార్చి నువ్వు దుకాణపోణ్ణి తిట్టేటోనివి. ఆమె సీలు చేతుల పట్టుకొని, "ఇది అరిగిపోలేదు, లోపలి నుంచి ఎవరో తోసినట్టుంది" అన్నది. గేర్ బాక్స్ చుట్టు ఒక తిరుగుడు తిరిగి, "దీనికి బ్రీదర్ ఎక్కడుంది?" అని అడిగింది.

నేను తెల్వనట్టు మొహం పెట్టిన. ఆమె చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పింది. గేర్ బాక్స్ నడుస్తుంటే లోపలి గాలి వేడెక్కి ఉబ్బుతదంట. అది బయటికి పోనీకి నెత్తి మీద పుట్టగొడుగు లెక్క చిన్న మూత ఉంటదంట, దాని పేరే బ్రీదరంట. అది లేకపోతే గాలి పోయే తొవ్వ లేక సీలునే తోసుకొని నూనెతోపాటు వస్తదంట. అంత విని నేనేమన్ననో తెలుసా? "ఈ మోడల్‌కు అది రాదు మేడం" అన్న.

నేను రోజుకు పది అబద్ధాలాడ్త. ప్రతి దాని చివర్న ఒక నవ్వు ఉంటది. దీని చివర్న ఏం లేదు. ఆమె సరేనని పుస్తకంల రాసుకున్నది.

ఆ మూత నా డ్రాయర్ల ఉన్నది పైడీ. రెండేండ్ల కింద కొత్త గేర్ బాక్స్ దిగిన వారంలనే నేను విప్పిన.

ఎందుకో నీకు చెప్పాలె. గేర్ బాక్స్ మీద అన్నం డబ్బాలు వెచ్చగ పెట్టుకునే అలవాటు మన షాపుల నీతోనే షురూ అయింది. నువ్వు కొత్తగ వచ్చిన రోజులల్ల, దేవి ఇంక ఊర్లనే ఉండె, పొద్దుగాల వండుకున్న అన్నం మధ్యాన్నం చల్లగ తిని కడుపు పట్టుకొని మెలికలు తిరిగేటోనివి. పాత గేర్ బాక్స్ మీద నీ డబ్బా పెట్టింది నేను. మూత తీస్తే పొగలొచ్చినయ్. "అన్నా, మా అమ్మ వడ్డించినట్టుంది" అన్నవ్. వారం తిరిగేసరికి పదకొండు డబ్బాలైనయ్. యుగంధర్ సార్ డబ్బా సుత వచ్చి నడిమధ్యల కూసున్నది, ఆయన హోదా ఆయనది.

పాతదాని నెత్తి బల్ల లెక్క సాపుగ ఉండె, బ్రీదర్ పక్కకు ఉండె. కొత్తదానికి నడినెత్తిన. డబ్బాలు ఒరుగుడు షురూ అయింది. బుచ్చమ్మ చారు ఒలికింది, సార్ పప్పు ఒలికింది. అందరు నా దిక్కు చూసిన్రు, కిషన్ ఉన్నడు గద అని. నాకు గదే కావాలె. మూత విప్పి, ఆ బెజ్జానికి సాపుగ ఉండే బోల్టు బిగించి, దాని మీద అదే ఆకుపచ్చ రంగు కొట్టిన. పుట్టుకతోనే అట్లున్నట్టు కుదిరింది. రెండు నిమిషాల పని, చప్పట్లు కొట్టిన్రు. అప్పుడు నువ్వు లేవు, మీ అమ్మ, లోవమ్మ పెద్దమ్మకు కండ్ల ఆపరేషన్ అని ఊరికి పోతివి. వచ్చేసరికి డబ్బాలు వరుసగ ఉన్నయ్. వాటి కింద ఏమున్నదో నువ్వెందుకు చూస్తవ్? మేడం వచ్చిన కాన్నుంచి బయటోళ్ల ముందర బాగుండదని డబ్బాలు బంద్ పెట్టిన్రు, అందుకే ఆమెకు సుత అనుమానం రాలేదు.

ఇగ నేను చేద్దామనుకున్న పని విను. నిన్న టీ టైముల లైను ఆగి ఉండె, చుట్టు ఎవరు లేరు. డ్రాయర్లకెల్లి మూత తీసి జేబుల వేసుకొని పోయిన. బోల్టు విప్పి మూత బిగిస్తే అయిపాయె. ఎవ్వనికి తెల్వదు. బేరింగ్ ఇగ అయిదేండ్లు నడుస్తది. పానా బోల్టు మీద పెట్టినంక వెలిగింది నాకు. బేరింగ్ ఎప్పటికెల్లి పోతలేదు అని లెక్క తీస్తరు. పైడిబాబు పోయిన కాన్నుంచి అని రాసుకుంటరు. నా రెండు నిమిషాల పనితోని తప్పు నీదేనని జిందగీ మొత్తానికి ఖాయమైతది. మేడం ఎన్ని భూతద్దాలు పెట్టినా అది పోదు.

పానా తీసేసిన. చెప్తే నా నౌకరి ఏమైతదో తెల్వదు. రాత్రి రజితకు చెప్పిన. ఆమె బట్ట కుడుతూనే విని, "పైడిబాబుకు ముందు రాయి. ఉత్తరం డబ్బాల పడ్డంక నువ్వు మాట మార్చలేవు" అన్నది. నా గురించి ఆమెకు బాగ తెలుసు. అందుకే నీకు రాస్తున్న. ఇది పోస్టు చేసి, అటునుంచటే పోయి మేడంకు చెప్త.

పానా కింద పెట్టిన,
కిషన్

చిలకలగూడ,
ఆదివారం.

తమ్మీ,

చెప్పిన. ఎవ్వరు నమ్మలేదు.

బుధవారం పొద్దున యుగంధర్ సార్, మేడం ఇద్దరున్నప్పుడు మూత టేబుల్ మీద పెట్టి, "ఇది గేర్ బాక్స్‌ది. నేను తీసిన. బేరింగులు నా వల్ల పోయినయ్, పైడిబాబు వల్ల కాదు" అన్న. సార్ కుర్చీల వెనక్కి వాలిండు.

"ఏం కిషన్, దోస్తును కాపాడనీకి కొత్త డ్రామానా?"

"డ్రామా కాదు సార్."

"పోయినేడు రాని ప్రమోషన్ నాకు వచ్చిందని షాపంత లడ్డూలు పంచినవ్. నా పెండ్లాం చుట్టాలందరికి ఫోన్లు చేసుకున్నది. అప్పుడు సుత గిట్లనే మొహం పెట్టినవ్."

"అప్పుడు లడ్డూలకు పైసలు నావే పెట్టిన సార్. ఇప్పుడు నౌకరి పెడుతున్న."

ఆయన మేడం దిక్కు తిరిగి, "వీని మాట రిపోర్టుల రాయకండి, చెత్తబండి చక్రం ఇచ్చింది వీడే గద" అన్నడు. మేడం మూతను చేతుల తిప్పుతూ నన్ను చూసింది. "మొన్న అడిగితే ఈ మోడల్‌కి రాదన్నారు" అన్నది. "అబద్ధమాడిన మేడం." "మరి ఈ రోజు చెప్పేది నిజమని నేను ఎలా అనుకోవాలి?" అన్నది. కోపంగ అనలేదు, లెక్క అడిగినట్టు అడిగింది. ఇన్నేండ్లు నవ్వించి నవ్వించి, నిజం చెప్పే నోరు నేనే పాడు చేసుకున్న. నా సొంత బేరింగ్‌ల నేనే ఇసుక పోసుకున్న అనుకో.

గప్పుడు ఆమె చేతులకున్న రబ్బరు తొడుగులు కనబడ్డయ్. నూనె శాంపిల్ పట్టేటప్పుడు వేసుకుంటది, సన్నటియి, డాక్టర్లవి. "ఒకటి ఇస్తరా మేడం, నా నోరు వద్దు, గేర్ బాక్స్‌నే అడుగుదాం" అన్న. ఆమెకు వెంటనే అర్థమైంది, విప్పి ఇచ్చింది.

అందరి ముందర బోల్టు విప్పి, ఆ బెజ్జానికి తొడుగు మూతి తగిలించి దారంతోని గట్టిగ కట్టిన. గేర్ బాక్స్ నెత్తి మీద తొడుగు చచ్చిన చెయ్యి లెక్క వాలిపోయింది. లైను నడిపిన్రు. పావుగంట ఏం లేదు. "ఇగ చాలు కిషన్, పనులున్నయ్" అన్నడు సార్. మేడం, "ఇంకాసేపు" అన్నది. అర్ధగంటకు బొటనవేలు కదిలింది. బుచ్చమ్మ చీపురు కింద పడేసింది. ఇంకొంచెం సేపటికి చిటికెన వేలు, తర్వాత ఒక్కోటి. గంట కాకముందే అయిదు వేళ్లు నిండుగ ఉబ్బి, గేర్ బాక్స్ బడిల పిలగాడు హాజరు చెప్పినట్టు చెయ్యి పైకెత్తింది.

షాపంత పడీ పడీ నవ్విన్రు. మేడం సుత నవ్వింది, అద్దాలు తీసి కండ్లు తుడుసుకున్నది. నేను ఇన్నేండ్లల్ల చేసిన వాటిల్ల ఇంత బాగ పండింది ఇంకోటి లేదు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ చెయ్యి ఎత్తింది గేర్ బాక్స్ కాదు, నేనే.

నవ్వులు తగ్గినంక యుగంధర్ సార్, "అసలు నెత్తి సాపుగ ఎందుకు చేసినవ్?" అని గట్టిగ అడిగిండు. "డబ్బాలు ఒరుగుతున్నయని సార్" అన్న. "ఎవరి డబ్బాలు?" అన్నడు. బుచ్చమ్మ నేల చూసుకుంట, "మీ పప్పే ముందు ఒలికింది సారూ" అన్నది. ఆయన చెమట తుడుసుకొని ఆఫీసులకు పోయిండు.

రిపోర్టుల ఎవరు తీసిన్రో సుత రాయమని సార్ మేడంను అడిగిండు. "ఎందుకు పోయిందో రాయడం నా పని. ఎవరిని శిక్షించాలో రాయడం కాదు. ఒకటి మాత్రం రాస్తాను, బేరింగులు ఎక్కించిన మనిషి పనిలో ఏ లోపమూ లేదని" అన్నది. ఎవరు తీసిన్రో నేను ఇంకో కాగితం మీద తెలుగుల రాసి, సంతకం చేసి ఇచ్చిన. ఆరు నెలలు నన్ను ఫిట్టరు పని నుంచి తీసేసి హెల్పర్‌గ పెట్టిన్రు. ఎవరికి హెల్పరో తెలుసా? నీకు. ప్రతి పని నువ్వు చూసి సంతకం పెట్టాలెనంట. నిన్ను వెనక్కి రమ్మని ఆర్డరు రిజిస్టర్ పోస్టుల వస్తున్నది. మూత ఎక్కడుండాల్నో అక్కడ బిగించిన, సీలు చుక్క కారుతలేదు. డబ్బాలకు కంపెనీ ఒక వేడి పెట్టె కొంటున్నది, యుగంధర్ సారే సంతకం పెట్టిండు, ఒక్క ప్రశ్న అడగకుండ.

ఇంకేంది, ఇగ రా.

నీ కొత్త హెల్పర్,
కిషన్

చిలకలగూడ,
శుక్రవారం సాయంత్రం.

తమ్మీ,

నీ ఉత్తరం అందింది. మూడుసార్లు చదివిన. మొదటిసారి నిలబడి చదివిన, మిగతా రెండుసార్లు కూసొని.

నువ్వు రాసింది మల్ల రాస్తున్న, ఎందుకంటే నా చేత్తోని రాస్తేనే నాకు ఎక్కుతది. "అన్నా, నేను కోపంతో ఫోనెత్తలేదనుకున్నావు. కోపం కాదు. సారు సుత్తి అన్నప్పుడు నేను నమ్మేశాను. నాకే తెలీకుండా చెయ్యి తప్పుతోందేమో అనుకున్నాను. అయిదుసార్లు పోతే ఇంకేటనుకుంటాను. ఇక్కడికొచ్చాక పానా ముట్టలేదు. బావమరిది మిల్లులో బెల్టు బిగించమన్నా నడుం నొప్పని తప్పించుకున్నాను. మా అమ్మ ఎదురుగా చేతులు చూసుకుంటూ కూర్చునేవాణ్ణి. నీ మొదటి ఉత్తరంలో ఆ మేడం శుభ్రంగా ఎక్కించారన్న మాట చదివి, మర్నాడు మిల్లుకెళ్లి ఒక బేరింగ్ ఎక్కించాను. బాగానే నడుస్తోంది."

నేను ఇక్కడ నీకు ఎదురు చెప్పే దమ్ము లేదని తిట్టుకుంట కూసున్న. నీకు మేనేజర్ మీద కాదు, నీ చేతుల మీదనే నమ్మకం పోయిందని నాకు తట్టలేదు. యుగంధర్ సార్ చేసింది నెల రోజులు ఇంటికి పంపుడే. నేను చేసింది రెండేండ్ల పని, అయిదుసార్లు నీ పని పాడు చేసి, అయిదుసార్లు నీ పక్కనే నిలబడి జోకులేసిన.

ఆఖరు లైను సుత రాస్తున్న. "మూత సంగతికి నాకేటి బాధ లేదు, నా డబ్బా కూడా దాని మీదే ఉండేది. కానీ సారు మొహం ఎలాగుందో రాశావు, రబ్బరు తొడుగు ఎలా లేచిందో రాశావు, ఒక్క మాట మాత్రం మూడు ఉత్తరాల్లో ఎక్కడా రాయలేదు. అది రాస్తే బయల్దేరతాను."

నాకు కోపమొచ్చింది, రాయకుండ ఎట్లుంట అని. రజితను అడిగితే, "నువ్వా? మన పెండ్లై ఇరవై మూడేండ్లైంది, నేనే వినలేదు" అన్నది. ఆమె కుట్టుమిషన్ ముందర కూసొనే ఈ ఉత్తరం రాస్తున్న. ఇది నాలుగో కాగితం. మొదటి దాంట్ల ఆ మాట రాసి పక్కన ఒక జోకు రాసిన. రెండో దాంట్ల మేడం మీద పెట్టి రాసిన. మూడో దాంట్ల యుగంధర్ సార్‌ను మధ్యలకు తెచ్చిన. మూడూ చింపిన. తొడుగు కట్టుడు అల్కగ ఉండె, ఇది కాదు.

పైడీ, తప్పు నాది. నీ చేతుల మీద నీకే అనుమానం వచ్చేటట్టు చేసిన. నన్ను మాఫ్ చెయ్యి.

కిషన్